నా ఒక్కడి వల్ల ఏమవుతుంది?

పాఠకుల ప్రశ్నలు – జవాబులు

"పిల్లలకు ఇళ్ళూ పొలాలూ రాసి ఇవ్వడం సరే, నీళ్ళను, నేలను, గాలిని ఏ స్థితిలో అప్పగిస్తున్నాం?" అని రెండు నెలల కిందట ఈ శీర్షికలో ఒక మాట అన్నందుకు తిరుపతి, చిత్తూరు జిల్లాల నుంచి చాలా ఉత్తరాలు వచ్చాయి. ఎక్కువమంది ఒకే సందేహాన్ని రకరకాలుగా అడిగారు కాబట్టి, వాటిలో ఏడింటిని ఎంచుకుని, కాస్త కుదించి, జవాబులు ఇస్తున్నాం. కొందరు వద్దని కోరినందున అందరి పేర్లూ తీసేశాం.

ప్రశ్న: మా అపార్ట్‌మెంటులో ఇరవై నాలుగు కాపురాలు ఉన్నాయి. మా ఇంట్లో తడి చెత్తను, పొడి చెత్తను వేర్వేరుగా పెట్టి కిందికి పంపుతాం. అక్కడ ఉన్నది ఒకే డ్రమ్ము. రెండూ అందులోనే పడతాయి. ఆరేళ్ళ మా మనవడు అది చూసి, "తాతా, మరి మనం ఎందుకు వేరు చేస్తున్నాం?" అని అడిగాడు. వాడికి ఏం చెప్పాలో మీరైనా చెప్పండి.
– విశ్రాంత బ్యాంకు ఉద్యోగి, తిరుపతి

జవాబు: మీ మనవడికి తప్పించుకునే జవాబు చెప్పకూడదు. ఒకే డ్రమ్ములో పడినంతకాలం మీ శ్రమ వృథాయే. సాంబారులో తడిసిన అట్టపెట్టెను పాత సామాన్లవాడు తీసుకోడు. పాల కవర్లు కలిసిన కూరగాయల తొక్కులు ఎరువుకు పనికిరావు. అంతా కలిసి దిబ్బకు చేరుతుంది, అక్కడ గాలి అందని లోపలి పొరల్లో తడి పదార్థం కుళ్ళి మీథేన్ వాయువును వదులుతుంది, వందేళ్ళ లెక్కన చూస్తే ఆ వాయువు కార్బన్ డయాక్సైడు కంటే దాదాపు 28 రెట్లు ఎక్కువ వేడిని పట్టి ఉంచుతుంది. కాబట్టి "ఎవరు ఏం చేసినా మన ధర్మం మనం చేద్దాం" అని మాత్రం వాడితో అనకండి. ఆరేళ్ళ పిల్లవాడికి ఆ మాటలోని డొల్లతనం ఇట్టే తెలిసిపోతుంది. డ్రమ్ము సంగతి తేలేదాకా తడి చెత్తను అసలు కిందికే పంపకండి.

తడి చెత్తను ఇంట్లోనే ఎరువు చేయడం అనుకున్నంత కష్టమేమీ కాదు కానీ, పత్రికల్లో రాసినంత సులువూ కాదు. నా మొదటి ప్రయత్నంలో మూత బిగించిన బకెట్టులో రోజూ కూరగాయల తొక్కులు, వడకట్టిన కాఫీ పొడి, మిగిలిన అన్నం వేస్తూ పోయాను. పదో రోజుకు పక్కింటావిడ గుమ్మంలో నిలబడి, "సార్, మీ ఇంట్లో ఎక్కడో ఎలుక చచ్చినట్టుంది, కాస్త చూడండి" అని మర్యాదగా చెప్పి వెళ్ళారు. గాలి ఆడనివ్వకపోవడం ఒక తప్పు, తడి మితిమీరనివ్వడం ఇంకొక తప్పు. ఇప్పుడు బకెట్టుకు పక్కలా అడుగునా కాల్చిన మేకుతో రంధ్రాలు చేసి, కింద ఒక పళ్ళెం పెట్టి, అడుగున నాలుగు వేళ్ళ మందం కొబ్బరి పీచు పొట్టు పరుస్తున్నాను. గిన్నెడు తడి చెత్త వేసిన ప్రతిసారీ దానిమీద కనీసం అంతే కొలతలో ఎండుటాకులో, శెనక్కాయ పొట్టో వేసి కప్పుతున్నాను. మన జిల్లాల్లో శెనక్కాయ పొట్టుకు కరువు లేదు. మొదట్లో ఒకసారి పుల్లటి మజ్జిగ చిలకరిస్తే, కుళ్ళబెట్టే సూక్ష్మజీవులు త్వరగా పుంజుకుంటాయి. వారానికి రెండుసార్లు కర్రతో అడుగుదాకా కలిపి, పిడికెడు తీసి పిండి చూడాలి: చేయి తడవాలి కానీ నీళ్ళు కారకూడదు. నీళ్ళు కారితే పొట్టు కలపాలి, పొడిపొడిగా రాలిపోతే నీళ్ళు చల్లాలి. ఈ పిడికిలి పరీక్షను మీ మనవడికి అప్పగించండి. రెండు మూడు నెలల్లో చెత్తంతా నల్లగా, తొలకరి మన్ను వాసనతో తయారవుతుంది. మాంసం, చేపలు, నూనె ఎక్కువగా ఉన్న కూరలు మాత్రం ఈ బకెట్టులో వేయవద్దు.

ఇళ్ళలో వచ్చే చెత్తలో దాదాపు సగం తడిదే కాబట్టి, అది పక్కకు పోయాక మిగిలినది కంపు కొట్టదు. ఒక గోనెసంచిలో పోగు చేసి నెలకోసారి పాత సామాన్లవాడికి ఇవ్వవచ్చు. ఇక డ్రమ్ము సంగతి. చెత్తను తడి, పొడి, ఇళ్ళలోని ప్రమాదకర వ్యర్థాలు అని మూడుగా విడదీసి ఇవ్వాలని 2016 నాటి ఘన వ్యర్థాల నిర్వహణ నియమాలే చెప్పాయి. అపార్ట్‌మెంటు సంఘం సమావేశంలో మీరు ఒక్కరే లేచి నిబంధనలు చదివితే ఎవరూ వినరు. మీ బకెట్టులో తయారైన ఎరువును ఒక కవరులో పట్టుకెళ్ళి పూలకుండీలు ఉన్న నాలుగు ఇళ్ళకు ముందే పంచి, ఆ నలుగురిని వెంటబెట్టుకుని రెండో డ్రమ్ము అడగండి. ఇంకొక మాట కూడా ఉంది. పగిలిన గాజును, బ్లేడును నాలుగు మడతల కాగితంలో చుట్టి, పైన ఎర్ర సిరాతో గుర్తు పెట్టి ఇవ్వండి. చెత్త కలిసినా కలవకపోయినా, దాన్ని చేతులతో వేరుచేసే మనిషికి ఆ ఎర్ర గుర్తు ఆ రోజే ఉపయోగపడుతుంది.

ప్రశ్న: నేను గదిగదికీ తిరిగి లైట్లు ఆర్పుతుంటాను. మా అబ్బాయి మాత్రం ఏసీని 18లో పెట్టి, దుప్పటి కప్పుకుని పడుకుంటాడు. పైగా నాది చాదస్తం అంటాడు. మీరేమంటారు?
– గృహిణి, చిత్తూరు

జవాబు: చాదస్తం కాదమ్మా, కానీ లెక్క మీ అబ్బాయి గదిలోనే ఉంది. ఏసీ ఒక గంటలో ఒక యూనిట్ కాల్చిందనుకుంటే, ఆ ఒక్క యూనిట్‌తో 9 వాట్ల ఎల్ఈడీ బల్బు నూటపది గంటలు వెలుగుతుంది. ఏసీని ఒక్క డిగ్రీ పెంచితే సుమారు 6 శాతం కరెంటు మిగులుతుందని కేంద్ర ఇంధన సామర్థ్య సంస్థ చెబుతోంది. 2020 జనవరి నుంచి స్టార్ గుర్తు ఉన్న గది ఏసీలన్నీ మొదట 24 డిగ్రీల దగ్గరే ఆన్ అయ్యేలా తయారవుతున్నది కూడా అందుకే. 24లో పెట్టి, ఫ్యాను సన్నగా తిప్పి, దుప్పటిని బీరువాలో పెట్టేయండి.

ప్రశ్న: ప్రపంచంలోని కాలుష్యానికి పెద్ద కంపెనీలు, ప్రభుత్వాలు కారణం. మనల్ని మాత్రం గుడ్డసంచి పట్టుకోమని, కుళాయి కట్టేయమని చెబుతారు. "కార్బన్ పాదముద్ర" (మన వాడకం వల్ల గాలిలో చేరే కార్బన్ వాయువుల లెక్క) అనే మాటను జనంలోకి తెచ్చిందే ఒక చమురు కంపెనీ అని చదివాను. ఇదంతా బాధ్యతను మన నెత్తిన రుద్దే ఎత్తుగడ కాదా?
– చెన్నైలో సాఫ్ట్‌వేరు ఉద్యోగి, సొంత ఊరు పుత్తూరు

జవాబు: మీరు చదివింది నిజమే. ఆ ఆలోచన పరిశోధకులదే అయినా, ఎవరి పాదముద్రను వారే లెక్క వేసుకోవచ్చంటూ 2000 తర్వాతి సంవత్సరాల్లో దాన్ని ప్రకటనల ద్వారా ఇంటింటికీ చేర్చింది ఒక బ్రిటిష్ చమురు కంపెనీయే. మన దేశంలో కరెంటులో అధికభాగం ఇప్పటికీ బొగ్గు నుంచే వస్తోంది. పుత్తూరులో మీ అమ్మగారు ఎన్ని లైట్లు ఆర్పినా ఆ బొగ్గు స్థానంలో సూర్యకాంతిని తేవడం ఆమె చేతిలో లేదు. కాబట్టి మీ అనుమానంలో సగానికి నేను అభ్యంతరం చెప్పను.

మిగిలిన సగం దగ్గరే మీతో పేచీ. పెద్ద నిర్ణయాలు ఎక్కడ మొదలయ్యాయో వెనక్కి వెళ్ళి చూస్తే, చాలాచోట్ల ఎవరో ఒక మామూలు మనిషి చేసిన, ఆనాటికి అర్థం లేనట్టు కనిపించిన పని తగులుతుంది. స్ప్రే డబ్బాల్లోని క్లోరోఫ్లోరోకార్బన్లు ఓజోన్ పొరను తినేస్తాయని 1974లో ఇద్దరు రసాయన శాస్త్రవేత్తలు, మోలినా, రోలాండ్, చెప్పినప్పుడు తయారీదారులు ఒప్పుకోలేదు. అమెరికాలో లక్షలాది ఇళ్ళవాళ్ళు చట్టం కోసం ఎదురుచూడకుండా ఆ డబ్బాలు కొనడం మానేశారు. అమ్మకాలు పడిపోయాక, 1978లో అక్కడ ఆ వాడకంపై నిషేధం రావడానికి అడ్డుచెప్పే గొంతు బలహీనపడింది. 1987లో మాంట్రియల్‌లో పలు దేశాలు కూర్చుని ఒప్పందం రాసుకున్నాయి. ఓజోన్ పొర ఇప్పుడు మెల్లగా కోలుకుంటోంది. డబ్బా కొనని ఒక్క ఇంటి వల్ల ఓజోన్ పొరకు ఒరిగింది ఏమీ లేదు. చట్టం చేసేవాడికి మాత్రం దారి పడింది.

మన దగ్గరి ఉదాహరణ కావాలంటే, మొదటి ఉత్తరంలోని చెత్త డ్రమ్మునే తీసుకోండి. బెంగళూరుకు చెందిన అల్మిత్రా పటేల్ అనే ఇంజనీరు, నగరాల చెత్తను ఊరి బయట విచ్చలవిడిగా పారబోస్తున్నారని 1996లో సుప్రీంకోర్టులో ప్రజాప్రయోజన వ్యాజ్యం వేశారు. ఆ కేసు ఫలితంగానే 2000లో దేశంలో మొదటిసారి మున్సిపల్ ఘన వ్యర్థాల నియమాలు వచ్చాయి. ఇవాళ ఇంటి ముందుకు బండి వచ్చి చెత్త తీసుకోవడం వెనుక ఆ వ్యాజ్యం ఉంది. అందరూ కోర్టుకు వెళ్ళనక్కరలేదు. అయితే నేను ఏ చిన్న పనినైనా తూచేటప్పుడు ఒకటే చూస్తాను: నేను చేసిన దాని వల్ల నా తర్వాత అదే పనికి పూనుకునే మనిషికి కొంచెమైనా సులువు అవుతుందా? అయితే అది చేయదగ్గ పని. కాకపోతే, దాన్ని చేసి ఫోటో తీసుకోవచ్చు, అంతే. మీరు ఎలాగూ చెన్నైలో ఉన్నారు కాబట్టి, మీ కార్యాలయం క్యాంటీనులో కాగితపు కప్పులు మానిపించగలరేమో ప్రయత్నించండి. మీరు ఒక్కరే స్టీలు గ్లాసు తెచ్చుకోవడం కన్నా, అక్కడ వంద స్టీలు గ్లాసులు పెట్టించడానికి మీ హోదా ఎక్కువ పనికొస్తుంది.

ప్రశ్న: వచ్చే మాఘమాసంలో మా అమ్మాయి పెళ్ళి. ఎనిమిది వందల మంది వస్తారు. ప్లాస్టిక్ లేకుండా చేయాలని నాకు, పిల్లకు ఆశ. "పిసినారితనం అనుకుంటారు, వియ్యాలవారి ముందు పరువు పోతుంది" అని మావారి అక్కచెల్లెళ్ళు అంటున్నారు. ఏం చేయమంటారు?
– పెళ్ళికూతురి తల్లి, శ్రీకాళహస్తి

జవాబు: ముందుగా మీకు, అమ్మాయికి శుభాకాంక్షలు. మీ ఆడపడుచుల భయాన్ని కొట్టిపారేయకండి. పెళ్ళిలో తక్కువ చేశారన్న మాట ఏళ్ళ తరబడి నిలుస్తుంది. అందుకని తీసేసిన ప్రతి వస్తువు స్థానంలో అంతకన్నా ఘనంగా కనిపించేది పెట్టండి. మనిషికి రెండు అరలీటరు సీసాల చొప్పున లెక్కవేస్తే మీ పెళ్ళికి పదహారు వందల సీసాలు అవుతాయి, వాటిలో చాలా వాటిని సగం తాగి కుర్చీల కింద వదిలేస్తారు. వాటికి బదులు పందిరి మొదట్లోనే రెండు పెద్ద రాగి గంగాళాలు తోమించి పెట్టి, పక్కన స్టీలు గ్లాసులు బోర్లించి, నీళ్ళు అందించడానికి ఇద్దరిని నియమించండి. మనిషి చేత్తో నీళ్ళు అందించడాన్ని మన ప్రాంతంలో ఎవరూ పిసినారితనం అనుకోరు. గ్లాసులు కడిగే పని ఉంటుంది కాబట్టి ఆ కూలి వేరే ఇవ్వాలని వంటవారితో ముందే మాట్లాడుకోండి. వాళ్ళ నెత్తిన పని పెంచి మనం పుణ్యం మూటగట్టుకోవడం బాగుండదు.

చట్టం కూడా మీకు కొంత సాయం చేస్తుంది. 2022 జులై 1 నుంచి దేశమంతటా ఒకసారి వాడి పారేసే ప్లాస్టిక్ పళ్ళేలు, కప్పులు, గ్లాసులు, చెంచాలు, స్ట్రాలు, అలంకరణకు వాడే థర్మోకోల్, 100 మైక్రాన్లకు తక్కువ మందం ఉన్న ఫ్లెక్సీలు నిషేధంలో ఉన్నాయి. చాలామందికి తెలియనిది ఇంకొకటి ఉంది: శుభలేఖలకు, మిఠాయి పెట్టెలకు చుట్టే పల్చని ప్లాస్టిక్ పొర కూడా ఆ జాబితాలోదే. కాబట్టి శుభలేఖల దగ్గరే మొదలుపెట్టండి. ఎవరైనా అడిగితే, కొండమీద స్వామివారి దగ్గరే ప్లాస్టిక్ సీసాలు లేవు కదా, మా పందిట్లో మాత్రం ఎందుకు అనండి. శ్రీకాళహస్తిలో ఆ జవాబుకు ఎదురు ఉండదు.

అరటాకు భోజనం గురించి మీకు చెప్పవలసిన పని లేదు. అసలు వృథా ఆకులో ఉండదు, ఆకులో మిగిలే అన్నంలో ఉంటుంది. ఇరవై ఒక్క రకాలు ఒకేసారి వడ్డించేసి వెళ్ళిపోతే సగం ఆకు అలాగే మడతపడుతుంది. ముందురోజు వడ్డనవారిని కూర్చోబెట్టి, మొదటి విడత కొంచెంగా వేసి, అడిగి అడిగి మళ్ళీ వేయమని చెప్పండి. మారు వడ్డన అడిగితే మర్యాద పెరుగుతుంది, పారేసేది తగ్గుతుంది. ఇక తాంబూలానికి గుడ్డసంచులు పంచాలనుకుంటే కాస్త ఆలోచించండి. నూలు సంచి తయారీకి పత్తి, నీళ్ళు, కరెంటు చాలా ఖర్చవుతాయి. పల్చని ప్లాస్టిక్ కవరు కన్నా అది మేలనిపించుకోవాలంటే కనీసం 131 సార్లు వాడాలని 2011లో బ్రిటన్ పర్యావరణ సంస్థ వేసిన లెక్క చెబుతోంది. పెళ్ళికూతురి పేరు, తేదీ పెద్ద అక్షరాలతో అచ్చువేసిన సంచిని పట్టుకుని ఎవరూ 131 సార్లు కూరగాయలకు వెళ్ళరు. ఏమీ అచ్చు వేయకుండా, గట్టి పిడులు కుట్టించి ఇవ్వండి.

ప్రశ్న: మా పాఠశాలలో ప్రతి ఏడాదీ మొక్కలు నాటుతాం. ఐదేళ్ళుగా అదే గుంటలో నాటుతున్నాం. నేను పదో తరగతి. నిజంగా ఒక్క చెట్టునైనా వదిలి వెళ్ళాలంటే ఏం చేయాలి?
– విద్యార్థిని, చంద్రగిరి

జవాబు: తల్లీ, ఐదేళ్ళుగా అదే గుంట అని నువ్వు గమనించావు, చాలామంది పెద్దవాళ్ళు గమనించరు. మొక్క చచ్చేది నాటిన రోజు కాదు, తర్వాతి ఏప్రిల్‌లో, మీకు సెలవులు ఇచ్చాక. కానుగో, వేపో, నేరేడో ఒక్కటే తీసుకో. కాల్చిన మామూలు మట్టికుండ ఒకటి సంపాదించి, మొక్కకు జానెడు దూరంలో మూతి మాత్రం పైకి ఉండేలా పాతిపెట్టు. దాన్ని నీళ్ళతో నింపి మూత పెడితే, కుండ గోడల్లోంచి నీరు ఊరుతూ వేళ్ళకు అందుతుంది. ఎండల్లో కూడా వారానికి ఒకటి రెండుసార్లు నింపితే సరిపోతుంది. రంగు వేసిన కుండ, మెరుగు పెట్టిన కుండ పనికిరావు, నీరు ఊరదు. బడికి దగ్గరలో ఇల్లు ఉన్న ఎనిమిదో తరగతి పిల్లలను ఇద్దరిని ఇప్పుడే ఎంచుకుని ఆ కుండ వాళ్ళకు అప్పగించు. నువ్వు వెళ్ళిపోయాక రెండు వేసవులు గడవాలి కదా.

మీ ఊరి నుంచి శ్రీవారి మెట్టు దారిలో కొండెక్కుతుంటావు కాబట్టి ఇంకొకటి చెబుతాను. విత్తనాల బంతులు చేసి కొండలోకి విసిరే ఉత్సాహం మీ బడిలో ఉంటే ఆపించు. శేషాచలం కొండలు 2010 నుంచి జీవావరణ రక్షిత ప్రాంతం; సహజంగా తూర్పు కనుమల దక్షిణ భాగంలో తప్ప ఇంకెక్కడా పెరగని ఎర్రచందనం అక్కడ తనంతట తానే మొలుస్తుంది. ఆ అడవికి మన విత్తనాల కన్నా మన నిప్పు నుంచి రక్షణ ఎక్కువ అవసరం. 2014 మార్చిలో తిరుమల చుట్టూ అడవి తగలబడినప్పుడు వైమానిక దళం హెలికాప్టర్లు దిగవలసి వచ్చింది. వేసవిలో ఎండుగడ్డి మధ్య ఎవరైనా బీడీ ముట్టిస్తుంటే "వద్దు మామా" అని చెప్పగలిగితే, నీ గుంటలోని మొక్కతో పాటు దాన్నీ నీ లెక్కలో వేసుకో.

ప్రశ్న: మాది పాకాల దగ్గర పల్లె. వాన బాగానే పడినా చెరువు నిండడం లేదు, బోర్లు ఎండుతున్నాయి. రెండెకరాల రైతును, నా చేతిలో ఏముంది?
– రైతు, పాకాల

జవాబు: మన ప్రాంతపు చెరువులు గొలుసుకట్టువి, పై చెరువు నిండి మరవ (అలుగు) పారితే ఆ నీరు కింది చెరువుకు చేరుతుంది. వాన పడినా నిండడం లేదంటే, చాలాసార్లు తప్పు ఆకాశానిది కాదు, చెరువులోకి నీళ్ళు తెచ్చే వంకలు, కాలువలు పూడిపోయి ఉంటాయి, లేదా ఎవరి గట్టులోనో కలిసిపోయి ఉంటాయి. చిత్తూరు జిల్లా మద్రాసు రాష్ట్రంలో ఉన్న రోజుల్లో కుడిమరామత్తు అనే కట్టుబాటు ఉండేది. ఊరివాళ్ళు తలా ఒక చేయి వేసి కాలువలు తవ్వుకోవడం, కట్టకు మన్ను పోయడం ఆనవాయితీ. తూము తీసి మూసే నీరుగట్టికి ఏ మడికి ఎంత పారుతుందో నోటికి వచ్చేది. ఆ కట్టుబాటు పోయింది కానీ, మీ పొలం అంచున ఉన్న కాలువ ముక్క మీ ముందే ఉంది. దాని నిడివి ఎంతైతే అంత, వానలకు ముందు మీరే శుభ్రం చేసి, ఒకప్పటి వెడల్పు ఎంతో పెద్దవాళ్ళను అడిగి, అంత వదిలేయండి. అంతకుముందే గట్టు కొంత లోపలికి జరిగి ఉంటే, దాన్ని వెనక్కి తీయండి. ఈ మాట చెప్పడం తేలిక, చేయడం తేలిక కాదని నాకు తెలుసు. అయితే మీ ముక్క తెరిచి ఉన్నాక, పై పొలం వాళ్ళను అడగడానికి మీకు నోరు వస్తుంది.

2021 నవంబరు 18న కురిసిన వానకు తిరుపతి వీధులు ఏరులైనప్పుడు నీళ్ళు పాత కాలువల దారినే వెతుక్కుంటూ వచ్చాయి. ఆ నాలుగు రోజుల్లోనే రాయలచెరువు కట్టకు గండి పడుతుందేమోనన్న భయంతో దిగువ ఊళ్ళను ఖాళీ చేయించారు. నీటి దారి మూస్తే ఒక ఏడాది కరువుగా, ఇంకొక ఏడాది వరదగా కనిపిస్తుంది.

ప్రశ్న: మా పెరట్లో మా మామగారు తవ్వించిన బావి ఉంది. పదేళ్ళుగా ఎండిపోయింది. దాన్ని పూడ్చి, పైన సిమెంటు పోసి కారు పెట్టుకుంటానని మా అబ్బాయి అంటున్నాడు. నాకు మనసొప్పడం లేదు. నాది ఉత్త మమకారమేనా, లేక దానివల్ల ఇంకా ఏదైనా ఉపయోగం ఉందా?
– డెబ్బై రెండేళ్ళ గృహిణి, చిత్తూరు

జవాబు: పూడ్చనివ్వకండమ్మా. మమకారం సంగతి అటుంచి, లెక్క కూడా మీ వైపే ఉంది. ఒక చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు వాన పడితే ఒక లీటరు నీళ్ళు. ముప్పై అడుగులకు నలభై అడుగుల మిద్దె అంటే ఇంచుమించు 110 చదరపు మీటర్లు. మన చిత్తూరు ప్రాంతంలో సగటున ఏడాదికి 900 మిల్లీమీటర్ల వాన పడుతుందనుకుంటే, ఆవిరై, చిమ్మిపోయినది తీసేసినా దాదాపు 80 వేల లీటర్లు మీ మిద్దె మీద నుంచి మోరీలోకి పోతోంది. వేసవిలో అయిదు వేల లీటర్ల ట్యాంకరు తెప్పించుకుంటారు కదా, అవి పదహారు ట్యాంకర్లు. ఇంకుడుగుంత కొత్తగా తవ్వించుకోవడానికి జనం డబ్బు పోస్తుంటే, మీ మామగారు మీకు అంతకన్నా లోతైనదాన్ని తవ్వించి ఇచ్చి వెళ్ళారు.

పని పెద్దదేమీ కాదు. మిద్దె నీళ్ళు దిగే గొట్టాలన్నిటినీ ఒకటిగా కలిపించి, బావికి రెండడుగుల ఇవతల ఒక చిన్న సిమెంటు తొట్టి కట్టించండి. అందులో అడుగున పెద్ద గులకరాళ్ళు, వాటిమీద చిన్న కంకర, మధ్యలో నైలాన్ వల, అన్నిటికీ పైన జానెడు ఇసుక పోయించి, అడుగు నుంచి ఒక గొట్టాన్ని బావిలోకి దించండి. తొట్టికి ముందే ఒక అడ్డదారి కవాటం పెట్టించాలి. ఏడాదిలో మొదట పడే ఒకటి రెండు వానల నీటిలో మిద్దె మీది దుమ్ము, పిట్టల రెట్టలు ఉంటాయి కాబట్టి ఆ నీళ్ళను బయటికే వదిలేయాలి. వాకిలి నీళ్ళు, బట్టలుతికిన నీళ్ళు ఏ పరిస్థితిలోనూ బావిలోకి పోనివ్వకండి. దోమలు గుడ్లు పెట్టకుండా, పిల్లలు తొంగిచూసి పడిపోకుండా, ఇనుప చట్రానికి సన్నని వల బిగించి మూత పెట్టించండి. మరుగుదొడ్డి గుంత దగ్గరలో ఉంటే, బావిలో నీరు వచ్చినా తాగడానికి వాడవద్దు. బోరుకు ఊట అందడానికి, మొక్కలకు అది చాలు.

మీ అబ్బాయి కారు గురించి కూడా ఒక మాట. బావి మీద బరువు మోసే మూత వేయించి దానిమీద కారు పెడతానంటే ఒప్పుకోకండి. పాత రాతికట్టు ఆ బరువుకు నిలుస్తుందని ఎవరూ హామీ ఇవ్వలేరు. కారును పెరటి ఇంకొక వైపు పెట్టించి, చక్రాలు నడిచే రెండు పట్టీలకు మాత్రమే సిమెంటు పోయించండి, మిగతా నేల ఊపిరి పీల్చుకోనివ్వండి.

ఈ పని వినాయక చవితి నాటికి పూర్తయితే, అక్టోబరులో మొదలయ్యే ఈశాన్య వానలు మొత్తం మీకు దక్కుతాయి. మొదటి ఏడాదే నీళ్ళు కనిపిస్తాయని ఆశ పెట్టుకోకండి. ఎండిన పొరలు తాగాక కదా మిగిలేది, అందులో కొంత మీ పక్కింటివారి బోరుకూ పోతుంది, పోనివ్వండి. ఒక చాంతాడుకు మూరకొక ముడి వేసి, చివర చిన్న రాయి కట్టి, ప్రతి నెలా ఒకటో తేదీన, పదిహేనో తేదీన బావిలోకి వదిలి చూడమని ఇంట్లో పిల్లలకు చెప్పండి. ఎన్నో ముడి దాకా తడి అయిందో తేదీతో సహా ఒక నోటుబుక్కులో రాయించండి. మొదట్లో రాయి పొడిగానే పైకి వస్తుంది, అదీ రాయించండి. వచ్చే ఉగాదికి ఆ పుటల నకలు మాకు పంపితే ఈ శీర్షికలోనే అచ్చువేస్తాం.